నాయన నెట్ ప్యాకు, 97 శాతం లెక్క

అనంతపురంలోని మా ఇంట్లో నాలుగు ఫోన్లు ఉన్నాయి: నాది, మా ఆవిడది, అమ్మది, నాయనది. నాలుగింటికీ 349 రూపాయల ప్యాకు వేయిస్తూ వచ్చాను. నెలకు 349 అని మనసులో అనుకుంటాము గానీ, ఆ నెలకు 28 రోజులే కావడంతో ఏడాదికి 13 సార్లు వేయించవలసి వస్తుంది. ఆ ప్రకారం ఫోన్లకు 18,148 రూపాయలు, బ్రాడ్‌బ్యాండుకు నెలకు 471 వంతున మరో 5,652, వెరసి 23,800 రూపాయలు ఏటా ఖర్చవుతున్నాయని ఉగాది సెలవునాడు పాత డైరీ వెనక అట్ట మీద రాసి కూడినప్పుడు గానీ నాకు తెలియలేదు.

అమ్మ ఫోనులో సెట్టింగ్స్ తెరిచి చూస్తే, వైఫై పోగా వాడిన మొబైల్ డేటా నెలంతా కలిపి మూడు జీబీ కూడా లేదు. మేము డబ్బు కట్టింది మాత్రం రోజుకు రెండు చొప్పున 56 జీబీకి. నాయన సంగతి వేరు. సాయంత్రం ఐదయ్యేసరికి వీధి చివర వేపచెట్టు కింది అరుగు మీద కూర్చుని, భూమి వేడెక్కడమంతా బూటకమని చెప్పే వీడియోలను తన ఈడు వాళ్ళకు చూపించడంలోనే ఆయన ప్యాకంతా హరించుకుపోతోంది.

నెట్ అక్కరలేనివారికి మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు ఇవ్వాలని, వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చునని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. అటువంటి ఏడాది ప్యాకు సుమారు 1,850 రూపాయలకు దొరుకుతోంది. బ్యాంకు ఓటీపీలకు ఎస్సెమ్మెస్ చాలు, ఇంట్లో వైఫై ఎలాగూ ఉంది. కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్‌పే చేసే మా ఆవిడ జోలికి వెళ్ళకుండా, అమ్మానాయనల ఫోన్లు మాత్రం మార్చితే 9,074కు బదులు 3,700తో సరిపోతుంది. అమ్మ సరేనంది. నాయన మాత్రం, "ఏమబ్బీ, నా నోరు మూయించేకి నెట్టు తీసేస్తాండావా?" అన్నాడు.

నేను వెంటనే కాదనలేకపోయాను, ఎందుకంటే ఆ ఆలోచన నాలో ఒక మూల లేకపోలేదు. అందుకని ముందు ఆయన అనుమానాల లెక్క తేల్చి, ఆ తరువాతే రీచార్జి సంగతి చూద్దామని మాట ఇచ్చాను.

కరువు మనకు కొత్త కాదన్నది ఆయన మొదటి మాట, అది నిజమే. పడమటి కనుమల చాటున ఉన్నందువల్ల ఇక్కడ ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడుతుంది; బళ్ళారి నుంచి వేరుపడి 1882లో ఈ జిల్లా ఏర్పడక ముందే, 1876-78 నాటి ధాత కరువు ఈ సీమను ఊడ్చిపెట్టింది. శెనక్కాయ పంట ఎండిన ప్రతిసారీ వాతావరణ మార్పు అనేవాళ్ళ మీద నాకూ విసుగే. హిమాలయాల్లోని హిమానీనదాలు 2035 నాటికే కరిగిపోవచ్చునని, వాతావరణ మార్పును అంచనా కట్టే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో రాసి, 2010 జనవరిలో తప్పు ఒప్పుకున్న మాటా వాస్తవమే.

ఇక భూమి వేడెక్కడానికి మనిషే కారణమని శాస్త్రవేత్తల్లో 97 శాతం మంది ఒప్పుకున్నారన్న మాట. 2013లో జాన్ కుక్ బృందం దాదాపు 12,000 పరిశోధన వ్యాసాల సారాంశాలు చదివితే, మూడింట రెండు వంతుల సారాంశాల్లో మనిషి కారణమా కాదా అన్న ప్రస్తావనే లేదు. ఏదో ఒకటి చెప్పినవాటిలో 97 శాతం మనిషే కారణమన్నాయి. ప్యాకు మీద అన్‌లిమిటెడ్ అని రాసి పక్కన చుక్క గుర్తు పెట్టినట్టే ఇదీ అని నేను చాలాకాలం అనుకున్నాను. కానీ తిక్కాకు మచ్చ తెగులు మీద వ్యాసం రాసేవాడు శెనక్కాయ మొక్కకు నీళ్ళు కావాలని మళ్ళీ రాయడు కదా. పైగా, కాదని చెప్పిన సారాంశాలు మొత్తం మీద నూటికి ఒకటి కూడా లేవు.

నన్ను ఒప్పించింది ఆ శాతం కాదు. 1958లో హవాయిలోని మౌనాలోవాలో కొలత మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్ళకు 315 వరకు ఉన్న, వేడిని పట్టి ఉంచే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఇప్పుడు 420 దాటింది. సూర్యుడే కారణమైతే వాతావరణం పైపొర కూడా వేడెక్కాలి. అది చల్లబడుతోంది, వేడెక్కుతున్నది కింది పొర. ఉష్ణోగ్రతల లెక్కల్ని నమ్మని రిచర్డ్ ముల్లర్ అనే భౌతికశాస్త్రవేత్త అమెరికాలోని బర్క్‌లీలో ఆ లెక్కలన్నీ తన బృందంతో మొదటి నుంచీ కట్టి, 2012లో తన అనుమానం వదులుకున్నాడు. మన జిల్లాలో వాన పెరుగుతుందా తగ్గుతుందా అన్నదాని మీద ఎవరైనా బల్లగుద్ది చెబితే మాత్రం నాయనతో పాటు నేనూ అడ్డం తిరుగుతాను.

ముల్లర్ సంగతి ఆయనకు నచ్చింది. "వాడు లెక్క కట్టినోడు" అన్నాడు. మిగతాది ఒప్పుకోలేదు గానీ ఏడాది ప్యాకుకు మాత్రం తల ఊపాడు. రీచార్జి చేయించి మూడు వారాలైంది. వేపచెట్టు కింద వీడియోలు ఇంకా ఆడుతూనే ఉండటం చూసి విచారిస్తే, ఎదురింటి ఇంటర్ పిల్లవాడు సాయంత్రం గంటసేపు హాట్‌స్పాట్ ఇస్తున్నాడని, బదులుగా నాయన వాడికి రోజూ ఒక పొట్లం వేయించిన శెనక్కాయలు కొనిపెడుతున్నాడని తెలిసింది. పొట్లం పది రూపాయలు. మిగిలే 5,374లో ఏడాదికి 3,650 దానికే పోతాయి.