అడ్డం పెట్టిన క్రీచర్ చచ్చిపోతే దెబ్బ ఎవరికి తగలాలి? – హనుమకొండ టోర్నమెంటులో నా అనుభవం

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో ఒక అటాక్ లెక్క దగ్గర నాకు జరిగిన అన్యాయం నిన్నటి ఆదివారంతో తేలిపోయింది కాబట్టి, మనసులోని వేడి చల్లారకముందే జరిగినదంతా రాసి పెడుతున్నాను. మా వరంగల్, కాజీపేట, కరీంనగర్ వైపు ఈ ఆట ఆడేవాళ్లు చాలా తక్కువ. ఉన్నవాళ్లలోనూ ఎక్కువమంది ఒకరి దగ్గర ఒకరు విని నేర్చుకున్నవాళ్లే. అలా నేర్చుకున్న ఆటలో తగవు వచ్చినప్పుడు ఎవరి గొంతు పెద్దదైతే వారి మాటే రూలుగా చెల్లుతుంది.

ఆట తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన ఈ ఆటను విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 1993లో విడుదల చేసింది. ఇద్దరూ చెరొక 20 లైఫ్‌తో మొదలుపెడతారు, ముందు సున్నాకు చేరినవాడు ఓడిపోతాడు. క్రీచర్ అంటే మన తరఫున పోరాడే ప్రాణి కార్డు; దానికి కింద కుడి మూలన రెండు అంకెలుంటాయి. మొదటిది అది కొట్టే దెబ్బ, రెండవది అది ఓర్చుకునే దెబ్బ. మన వంతులో మన క్రీచర్లతో అటాక్ చేస్తే, ఎదుటివాడు తన క్రీచర్లను వాటికి అడ్డం పెట్టవచ్చు, అంటే బ్లాక్ చేయవచ్చు, లేదా దెబ్బను తన లైఫ్ మీదే తీసుకోవచ్చు.

టోర్నమెంటు హనుమకొండలో ఒక మేడ మీది హాలులో జరిగింది. కాజీపేట నుంచి నేను, పదో తరగతి చదువుతున్న మా అక్క కొడుకు కలిసి వెళ్లాం. తలా మూడు వందలు కట్టి పేర్లు రాయించుకున్నాం. మొదటి రెండు రౌండ్లు నేను ఇబ్బంది లేకుండా గెలిచాను.

మూడో రౌండులో మంచిర్యాల నుంచి వచ్చిన ఒక కుర్రవాడు ఎదురయ్యాడు. చెరొక ఆట గెలిచి నిర్ణయాత్మకమైన మూడో ఆటకు వచ్చేసరికి నా లైఫ్ 5, అతనిది 4. నా దగ్గర 4/4 సెర్రా ఏంజెల్, 2/2 గ్రిజ్లీ బేర్స్ ఉన్నాయి. ఏంజెల్ ఎగిరే క్రీచర్, దాన్ని అడ్డుకోవడానికి అతని వైపు ఎగిరేది ఒక్కటీ లేదు. అంటే నాకు మరొక్క వంతు వస్తే ఏంజెల్‌తో నాలుగు దెబ్బలు కొట్టి ఆట ముగించవచ్చు. అతను 6/4 క్రా వర్మ్‌తో అటాక్ చేశాడు. ఏంజెల్‌ను అడ్డం పెడితే రెండూ చస్తాయి కాబట్టి, దాన్ని కాపాడుకుని బేర్స్‌ను బ్లాక్‌కు పెట్టాను. అతను కాసేపు ఆలోచించి, చేతిలో మిగిలిన ఒకే ఒక్క కార్డు, మూడు దెబ్బల లైట్నింగ్ బోల్ట్‌ను బేర్స్ మీద వేశాడు. నేను బేర్స్‌ను తీసి గ్రేవ్‌యార్డులో, అంటే చచ్చిన కార్డుల కుప్పలో పెట్టాను. అతను వెంటనే, "ఆరు డ్యామేజీ అన్నా, నీకు అయిదే ఉంది, అయిపోయింది," అన్నాడు.

బ్లాక్ ఒకసారి పడిన తరువాత వర్మ్ బ్లాక్ అయినట్టేనని, అడ్డం పెట్టినది చచ్చినంత మాత్రాన దెబ్బ నా మీదకు రాదని నేను నెమ్మదిగానే చెప్పాను. అతనూ మర్యాదగానే, "అడ్డమున్నదే సచ్చిపోయినంక ఇంకేం అడ్డమన్నా?" అని అడిగాడు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. గోడ కూలితే గాలి లోపలికి వస్తుందని ఎవరైనా అనుకుంటారు. అతని మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. నా కోపమంతా ఆ తరువాత వచ్చిన మనిషి మీద.

నిర్వాహకుణ్ణి పిలిచాం. టోర్నమెంటుకు జడ్జి కూడా ఆయనే. మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడే గానీ, బోల్ట్ ఎప్పుడు వేశారు, బ్లాక్ అంతకు ముందు పెట్టారా తరువాత పెట్టారా అన్న ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బల్ల మీద కార్డులను చూసి, "బ్లాకర్ ఏది? లేదు కదా. డ్యామేజీ పోతది," అన్నాడు. రూలు ఒకసారి చూద్దామని ఫోను తీయబోయాను. అప్పుడు ఆయన గొంతు పెంచి, హాలులో అందరూ ఆట ఆపి మావైపు తిరిగేలా, "అన్నా, బ్యాంకుల పని చేస్తవు, పెద్ద మనిషివి, చిన్న పిలగానితోని గిట్ల లొల్లి పెట్టుకుంటవా? ఓడితె ఓడినమని ఒప్పుకోవాలె," అన్నాడు. వెనక బల్ల దగ్గర ఎవరో నవ్వారు. నా లైఫ్‌కు గుర్తుగా 5 అంకె పైకి పెట్టుకున్న ఇరవై ముఖాల ఎర్ర డైస్‌ను ఆయన తన చేత్తో తీసి నా కార్డుల డబ్బాలో పడేసి, కాగితం మీద ఫలితం రాసుకుని వెళ్లిపోయాడు. పక్కనే నిలబడ్డ మా అల్లుడు, "మామా, పోదాం పా," అని నా చొక్కా చేతిని పట్టుకుని లాగాడు. ఓటమి ఆటలో మామూలే. ఆ డైస్‌ను మాత్రం నా అనుమతి లేకుండా ముట్టుకోవడాన్ని నేను మరిచిపోలేకపోయాను.

మా ఊళ్లో పంచాయితీకి కూర్చున్న పెద్దమనిషి, ఎంత చిన్న గెట్టు తగాదా అయినా, ఇరువైపులా విన్న తరువాతే నోరు విప్పుతాడు. ప్రవేశ రుసుము వసూలు చేసి, ప్యాకెట్లు అమ్ముకుని, జడ్జి కుర్చీలో కూర్చునేవాడికి ఆ మాత్రం ఓపిక ఉండాలి. పెద్ద టోర్నమెంట్లలో ఒక జడ్జి తీర్పు నచ్చకపోతే హెడ్ జడ్జిని అడిగే హక్కు ఆటగాడికి ఉంటుంది. ఒక్కడే ఉన్నచోట తీర్పు తప్పితే చెప్పుకునే దిక్కు లేదు కాబట్టి, ఆ ఒక్కడు మరింత జాగ్రత్తగా ఉండాలని నేను గట్టిగా అంటాను.

ఆ రాత్రి ఇంటికొచ్చి అన్నం తిన్నానో లేదో, ఆట పూర్తి రూల్ పుస్తకాన్ని ఫోనులో తెరిచాను. అది రెండు వందల యాభై పేజీలకు పైబడిన పుస్తకం. మొదట భయం వేసింది గానీ, అయిదో అధ్యాయం మొత్తం ఒక వంతు ఎలా సాగుతుందో చెబుతుందని, అందులో 506 నుంచి 511 వరకు రూళ్లు కేవలం కంబాట్, అంటే అటాక్, బ్లాక్‌ల పోరు గురించేనని తెలిసిన తరువాత దారి దొరికింది. చిన్న రూళ్లకు వరుసగా అక్షరాలు పెట్టేటప్పుడు, అంకెలతో పొరబడకుండా ఎల్, ఓ అక్షరాలను వదిలేశారని కూడా అప్పుడే గమనించాను. అంత శ్రద్ధగా రాసిన పుస్తకాన్ని ఒక్కసారి తెరవకుండా తీర్పు చెప్పడం ఎలా సాధ్యమైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కంబాట్‌లో అయిదు స్టెప్పులున్నాయి. కంబాట్ మొదలవడం, అటాక్ చేసేవాటిని ప్రకటించడం, బ్లాక్ చేసేవాటిని ప్రకటించడం, డ్యామేజీ, ముగింపు. నేను వెతుకుతున్నది మూడో స్టెప్పులో, 509.1హెచ్‌లో దొరికింది. ఒక క్రీచర్‌కు అడ్డం పెట్టారంటే అది బ్లాక్ అయినట్టు. అడ్డం పెట్టినవన్నీ కంబాట్‌లోంచి పోయినా అది బ్లాక్ అయినట్టే ఉంటుంది. ఆ తరువాత 510.1సి మరీ స్పష్టంగా, బ్లాక్ అయిన క్రీచర్‌కు ఆ సమయానికి ఎదురుగా ఏ బ్లాకరూ మిగలకపోతే అది కంబాట్ డ్యామేజీ ఏమీ వేయదని చెబుతుంది. రాత్రి పదకొండు గంటలకు ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివి, నిద్రపోతున్న అల్లుణ్ణి లేపి మరీ చూపించాను.

అయినా నేను చదివింది సరైనదేనా అన్న సందేహం ఉండకూడదని, ఒక మిత్రుని ద్వారా బెంగళూరులో టోర్నమెంట్లకు జడ్జిగా చేసే ఒకాయన నంబరు సంపాదించి, రెండు రోజుల తరువాత మాట్లాడాను. నేను చెప్పడం మొదలుపెట్టగానే ఆయన రెండు ప్రశ్నలు అడిగారు. బోల్ట్ వేసేనాటికి బ్లాక్ ప్రకటించారా? వర్మ్‌కు ఆ సమయంలో ట్రాంపుల్, అంటే అడ్డం పెట్టినదాన్ని చంపగా మిగిలిన దెబ్బను ఎదుటి ఆటగాడికే తగిలించే గుణం, ఏమైనా ఉందా? బ్లాక్ అయిందని, ట్రాంపుల్ లేదని చెప్పాను. "అయితే మీకు ఒక్క దెబ్బ కూడా తగలదండీ," అన్నారు. హాలులో నిలబడి అంత లొల్లి పడ్డ తగవు అర నిమిషంలో తేలిపోయింది.

ఆ రెండు ప్రశ్నలూ ఎందుకో ఆయనే వివరించారు. బ్లాక్ ప్రకటించక ముందే, అంటే అటాక్ ప్రకటించిన స్టెప్పులోనే బోల్ట్ వేసి ఉంటే, బేర్స్ అడ్డం పెట్టడానికే మిగలదు, నేను ఏంజెల్‌నైనా పెట్టాలి, ఆరు దెబ్బలైనా తినాలి. అలాగే వర్మ్‌కు బదులు 6/6 కొలోసల్ డ్రెడ్‌మా వంటి ట్రాంపుల్ ఉన్న క్రీచర్ అయితే, అడ్డం ఉన్నది చచ్చిన తరువాత ఆరూ నా మీదకే వచ్చేవి. కాబట్టి ఎవరైనా నన్ను ఈ ప్రశ్న అడిగితే ముందు ఏ స్టెప్పులో ఏది జరిగిందో వరుసగా చెప్పమంటాను. ‘ఇది సచ్చింది, అది కొట్టింది’ అని కలగలిపి చెప్పేవారికి ఏ జడ్జీ సరైన జవాబు చెప్పలేడు. ఆడేటప్పుడు కూడా ‘బ్లాకులు అయిపోయినయా?’ అని పైకి అడిగి, అవుననిపించుకుని, ఆ తరువాతే కార్డు వేయాలి. సిగ్గుపడవలసిన పని లేదు.

మాటల్లో మరో సంగతి కూడా బయటపడింది. ఒక అటాకర్‌ను రెండు క్రీచర్లు బ్లాక్ చేస్తే, అటాక్ చేసినవాడు వాటిని వరుసలో పెట్టాలని, మొదటిదానికి చచ్చేంత దెబ్బ వేసిన తరువాతే రెండోదానికి వేయాలని నేను పదేళ్లుగా ఆడుతున్నాను. ఆ వరుస పద్ధతి 2009లో వచ్చిందని, 2024 నవంబరులో ఫౌండేషన్స్ అనే కొత్త కార్డుల సెట్‌తో తీసేశారని, ఇప్పుడు డ్యామేజీ వేసేటప్పుడు ఎంత దేనికి పంచాలో అటాక్ చేసినవాడి ఇష్టమని ఆయన చెప్పారు. నాకు లాభమైన రూలును మాత్రమే పట్టుకుని తిరిగితే ఆ నిర్వాహకుడికీ నాకూ తేడా ఉండదు కనుక, దాన్నీ రాసుకున్నాను.

రెండు రూళ్లనూ, అయిదు స్టెప్పులనూ తెలుగులో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద రూల్ నంబర్లు వేసి, నిన్న మళ్లీ హనుమకొండ వెళ్లాను. ఆట మొదలవకముందే నిర్వాహకుణ్ణి పక్కకు పిలిచి ఇచ్చాను. ఆయన చదివాడు. తన ఫోనులో పుస్తకం తెరిచి 509.1హెచ్ చూసుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పాత ఫలితం ఇగ మారదన్నా," అన్నాడు. మార్చమని నేను అడగలేదు. కాగితాన్ని గోడకు అతికించమని మాత్రమే అడిగాను. అతికించాడు. నాడు గొంతు పెంచినందుకు ఒక్క మాటైనా అంటాడేమోనని చూశాను గానీ, అనలేదు.

నిన్నటి రెండో రౌండులో కరీంనగర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన క్రా వర్మ్‌తోనే నా మీద అటాక్ చేశారు. నేను 4/4 రంబ్లింగ్ బేలోత్‌ను, గ్రిజ్లీ బేర్స్‌ను కలిపి అడ్డం పెట్టి, జెయింట్ గ్రోత్ అనే కార్డుతో బేలోత్‌ను 7/7 చేశాను. పెద్దాయన ఆగి, "ముందుగాల పెద్దదానికే వెయ్యాలె కదా, ఆరు ఏసినా అది సావదు," అని కార్డులు పక్కకు పెట్టబోయారు. వెనక నిలబడ్డ ఇద్దరు కూడా నా పక్షాన అవునన్నారు. నేను వాళ్లను ఆపి, గోడ మీది కాగితంలో చివరి రెండు వాక్యాలు చూపించి, "మీ ఇష్టం వచ్చినట్టు పంచుకోవచ్చు కాకా," అన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివి, ఆరు దెబ్బలూ బేర్స్ మీద వేశారు. వర్మ్‌తో పాటు నా బేర్స్ కూడా చచ్చింది; నా చేత్తో తీసి గ్రేవ్‌యార్డులో పెట్టుకున్నాను.