గట్లు వేసుకుంటే పంపకం అయిపోదు

తండ్రి పోయాక పెద్దమనుషుల ముందు వాటాలు తేల్చుకుని, గట్లు వేసుకుని ఎవరి చెక్క వాళ్లు దున్నుకోవడం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మామూలే. అన్నదమ్ముల్లో ఒకరు చెన్నైలోనో హైదరాబాదులోనో ఉంటారు. రెవెన్యూ వాళ్ల హక్కుల రికార్డు 1బీలో మాత్రం తండ్రి పేరే. భోగాపురం విమానాశ్రయం లాంటి భూసేకరణ వచ్చినప్పుడు గానీ చిక్కు బయటపడదు.

నోటిమాట పంపకం చెల్లుతుంది. దాన్ని కాగితం మీద పెట్టే తీరులోనే దెబ్బతింటారు. "లోగడ పంచుకున్నాం, గుర్తుకోసం రాసుకున్నాం" అంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. "ఈ పత్రం ద్వారా పంచుకుంటున్నాం" అంటే అదే పంపకాల దస్తావేజు, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ కిందికి వస్తుంది. రిజిస్టరు చేయించకపోతే 49వ సెక్షన్ అడ్డం పడుతుంది, ఏ చెక్క ఎవరిదో రుజువుకు అది పనికిరాదు. స్టాంపు తక్కువైతే ఆ తగ్గిన సొమ్ముకు పదింతల దాకా జరిమానా. అలాగని ఇవాళ పంచుకుంటూ పాత తేదీ వేయడం మోసం, ఆ పని చేయకండి.

ఆడపిల్లలకు పసుపు కుంకుమ ఇచ్చేశాం, ఇంకేం వాటా అంటారు. ఆ మాట కోర్టులో నిలవదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి తన స్వార్జితం వీలునామా లేకుండా వదిలి పోతే ఆయన తల్లి, భార్య, కొడుకులు, కూతుళ్లు సమానం. పిత్రార్జితంలో ఆ చట్టానికి వచ్చిన 2005 సవరణతో కూతురికీ పుట్టుకతోనే హక్కు. అప్పటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో అయిపోయిన పంపకాల జోలికి ఈ సవరణ పోదు. చెల్లెలు ఇష్టపడి వాటా వదులుకుంటే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించాలి, తెల్లకాగితం మీద సంతకం చాలదు.

ముందు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. తర్వాత దస్తావేజు రాయించకముందే సర్వేయరుతో కొలిపించండి. చాలామంది ఇక్కడే తప్పుతారు. రికార్డులో 2 ఎకరాల 40 సెంట్లు ఉందని ముగ్గురికీ 80 సెంట్ల చొప్పున రాసేస్తారు. నేల మీద 2 ఎకరాల 31 సెంట్లే తేలితే సబ్‌డివిజన్, అంటే సర్వే నంబరును వాటాల వారీగా విడగొట్టడం, కుదరదు, చివరి చెక్క వాడికి 9 సెంట్లు తగ్గి తగువు మొదలు. రిజిస్ట్రేషన్ అయ్యాక 90 రోజుల్లో తహసీల్దారుకు తెలియజేసి మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, చేయించుకోవాలి. పాస్‌పుస్తకం వచ్చినంత మాత్రాన హక్కు పుట్టదు, హక్కుకు మూలం దస్తావేజు.

నా మట్టుకు, పట్టాదారు మరణం నమోదు కాగానే వారసులందరి పేర్లూ, ఊళ్లో లేనివాళ్లవీ అత్తారింట ఉన్నవాళ్లవీ సహా, ఉమ్మడిగా 1బీలో ఎక్కించడమే అసలైన సంస్కరణ. అది వచ్చేదాకా దస్తావేజులో హద్దులతో పాటు బోరు నీళ్ల వంతూ, లోపలి చెక్కకు బండి పోయే దారీ, దాని వెడల్పూ తప్పకుండా రాయించండి.