రాంబస్‌లో ఒక్క కోణం తెలిస్తే చాలు

మా పాపకి ఎనిమిదో క్లాస్ లెక్కలు చెప్తుంటే నాకు బాగా నచ్చేది రాంబస్ (నాలుగు భుజాలూ సమానంగా ఉండే చతుర్భుజం), ఎందుకంటే ఒక్క కోణం ఇస్తే చాలు మిగతావన్నీ వచ్చేస్తాయి. ఏబీసీడీ రాంబస్ తీసుకోండి, కర్ణాలు 'ఓ' అనే బిందువు దగ్గర కలుస్తాయి, ప్రశ్నలో కోణం ఓఏబీ 35° అని ఇచ్చారు అనుకుందాం. కర్ణం ఏసీ ఆ మూల కోణాన్ని సగం చేస్తుంది కాబట్టి కోణం ఏ 70°, పక్క కోణాలు కలిపితే 180° కాబట్టి బీ 110°, ఎదురెదురువి సమానం, అయిపోయింది. కర్ణాలు లంబంగా ఖండించుకుంటాయి కాబట్టి 'ఓ' దగ్గర 90°, ఓబీఏ 55°, ఇది 110లో సగమే, అంటే చెక్ కూడా అయిపోయినట్టే.

అసలు కర్ణం కోణాన్ని ఎందుకు సగం చేస్తుంది అని పిల్లలు తప్పకుండా అడగాలి! నాలుగు భుజాలూ సమానం, ఏసీ ఉమ్మడి, కాబట్టి రెండు పక్కలా ఉన్న త్రిభుజాలు భు.భు.భు. (మూడు భుజాలూ సమానమైతే) నియమం ప్రకారం సర్వసమానాలు, అంతే. పొడవు వెడల్పు వేరుగా ఉన్న దీర్ఘచతురస్రంలో ఇది పనిచేయదు, పిల్లలు అక్కడే కన్ఫ్యూజ్ అవుతారు.

ఇంకో మంచి ప్రశ్న: ఒక కర్ణం భుజంతో సమానం, కోణాలెంత? ఒక్క నంబర్ కూడా ఇవ్వలేదు చూడండి, అయినా రెండు సమబాహు త్రిభుజాలు వస్తాయి, కోణాలు 60°, 120°.