బేల్దారి అడిగిన కల్లు

పోయిన నెల గుంతకల్లులో మా ఇంటికి ప్రహరీ గోడ పని మొదలుపెట్టాం. బేల్దారిది బళ్లారి పక్క పల్లె, ఇంట్లో కన్నడమే. మొదటి రోజు సాయంత్రం చేతులు కడుక్కుంటూ అమ్మతో, “నాళె కల్లు బేకమ్మా, ఎరడు ట్రాక్టర్” అన్నాడు. అమ్మది ప్రొద్దుటూరు. ముప్పై ఏళ్లుగా ఇక్కడున్నా కన్నడం ఒంటబట్టలేదు. లోపలికొచ్చి తలుపు దగ్గరికేసి, “పనికొచ్చిన దినమే కల్లు అడుగుతాండాడు. అదీ రెండు ట్రాక్టర్లంట!” అంది.

పాపం, ఆయన అడిగింది పునాది రాళ్లు. కన్నడంలో కల్లు అంటే రాయి. తాగేదాన్ని వాళ్లు హెండ అంటారు.

తమాషా ఏమంటే, ఆ రాతి కల్లు మా వంటింట్లోనే ఉంది. చింతకాయ తొక్కులోకి అమ్మ వేసేది కల్లుప్పు, అంటే రాళ్ల ఉప్పు. అంగళ్లలో ‘కళ్ళుప్పు’ అని రాస్తుంటారు గానీ, దానికీ కంటికీ ఏం సంబంధం? మా చెల్లెలి పెళ్లిలో తొక్కించిన సన్నికల్లూ రాయే. ఓరుగల్లు అంటే ఒంటి రాయి కాబట్టే సంస్కృతంలో ఏకశిలానగరం అయింది. మా ఊరి పేరు చివరున్నదీ ఆ కల్లేనని నా లెక్క. ఒకప్పుడు తెలుగులోనూ రాయికి ఈ పేరుండేది. ఇప్పుడు ఉప్పులో, పెళ్లిలో, ఊరి పేర్లలో మిగిలింది.

తమిళులకు ఈ తికమక లేదు. కల్ రాయి, కళ్ తాగేది. నాలుక మడిస్తేనే మత్తు. మనం ఆ ‘ళ’ను ‘ల’ చేసేసి రెండింటినీ ఒకే కుండలో పోసుకున్నాం.

గేటు చేసే వెల్డింగ్ భాయ్‌ది ఇంకో కథ. ఎప్పుడు ఫోన్ చేసినా “కల్ ఆతా” అంటాడు. ఉర్దూలో కల్ అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. పక్కనున్న క్రియను బట్టి తేల్చుకోవాలి. వేకువ అనే అర్థమున్న సంస్కృత ‘కల్య’ నుంచి వచ్చిందా మాట. నవ్వుదామంటే మన రేపు కూడా అంతే. రేపు అంటే మొదట తెల్లవారుజామే, రేపకడ అనే మాటలో ఇంకా ఉంది. మాపు అంటే సాయంత్రం.

రాళ్లు దిగి మూడు వారాలైంది. గేటు ఎంతవరకు వచ్చిందని నిన్న అమ్మనడిగాను.

“రేపూ మాపూ అంటాండాడు” అంది.