డ్రాప్ సి కోసం 130 తీగ: మూడు ఆదివారాలు నట్‌కే పోయాయి

నా బేస్ గిటార్‌ను డ్రాప్ సి కి, అంటే మామూలు ఇ, ఎ, డి, జి బదులు సి, జి, సి, ఎఫ్ స్వరాలకు దించాలనుకున్నాను. పాత 105 తీగను (ఈ అంకె మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) సి దాకా దించితే బట్టలారేసే దండెంలా ఊగుతుంది. పిక్‌తో గట్టిగా కొడితే ఏ స్వరమో కూడా తెలియదు, బరువైన రిఫ్ (మళ్లీ మళ్లీ వాయించే వరుస) అంతా గడగడ. లెక్కేస్తే కారణం దొరికింది. ఇ అంటే 41.2 హెర్ట్జ్, సి అంటే 32.7, టెన్షనేమో ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి మారుతుంది, అంటే 37 శాతం పోయినట్టే. 130 వేస్తే తీగ బరువు సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది కాబట్టి మళ్లీ పాత బిగువు దగ్గరికే వస్తుంది. ఇక్కడ నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర అడిగితే అకౌస్టిక్ గిటార్ సెట్ చేతిలో పెట్టారు. చివరికి డాడారియో ఐదు తీగల నికెల్ సెట్, 45 నుంచి 130 వరకు ఉన్నది, ఆన్‌లైన్‌లో తెప్పించాను. నా బేస్‌కు నాలుగు తీగలే కాబట్టి అందులో 100 పక్కన పెట్టేశాను, ఇ కోసం చేసిన దాన్ని రెండో తీగగా జి కి బిగిస్తే టెన్షన్ 41 శాతం పెరుగుతుంది, మెడ మీద ఆ ప్రయోగం నాకొద్దు.

80, 65, 45 పది నిమిషాల్లో కూర్చున్నాయి.

130 మాత్రం చుక్కలు చూపించింది. మందం 3.3 మి.మీ., నట్ (మెడ పైచివర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) గాడేమో 2.7. తీగ గాడిలో దిగకుండా అంచుల మీదే నిలబడింది. మొదటి ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) మీద ఎత్తు 1.4 మి.మీ., అక్కడ నొక్కితే 28 సెంట్లు (అర స్వరానికి వంద సెంట్లు) ఎక్కువ పలికింది. అవుసలాయన దగ్గర గుండ్రటి ఆకురాయి అడిగి తెచ్చి అరగదీశాను. ఎత్తు 0.5 కి వచ్చింది, మస్తు ఖుషీ అయ్యాను. కానీ ఓపెన్‌గా మీటితే "జుయ్య్" అని సితార్ మోత! మా తమ్ముడు అదే బాగుందన్నాడు, వాడికేం తెలుసు.

ముందు మెడ వంగిందనుకున్నాను. బైక్ మెకానిక్ సందులు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే 0.3 మి.మీ., నిన్నటిలాగే ఉంది. తర్వాత ఎత్తు చాలట్లేదేమో అని నట్ కింద కాగితం ముక్క పెట్టాను, మోత తగ్గలేదు. మొదటి ఫ్రెట్ నొక్కితే మాత్రం శుభ్రంగా పలుకుతోంది, అంటే దొంగ నట్ దగ్గరే ఉన్నాడు. గాడిలో పెన్సిల్ పొడి రుద్ది, తీగ వేసి కాసేపు వాయించి తీస్తే, పొడి చెరిగింది హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల) వైపు మాత్రమే. నేను వాలు తిరగేసి గీశాను! తీగ గాడి వెనక అంచు మీద ఆగి, ముందు భాగంలో లోపల్లోపలే కొట్టుకుంటోంది. వంట సోడా, ఫెవిక్విక్ పోసి గాడి పూడ్చి (అమ్మకు డబ్బా ఎందుకు తగ్గిందో ఇంకా తెలియదు), ఈసారి హెడ్‌స్టాక్ వైపు కిందికి వాలేలా గీసి, పాత 105 ముక్కకు ఎమరీ కాగితం చుట్టి నునుపు చేశాను. ఎత్తు మళ్లీ 0.5, మొదటి ఫ్రెట్ దగ్గర 7 సెంట్లే ఎక్కువ. మోత పోయింది.

ఇంకో చిక్కు మిగిలింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇంకా 14 సెంట్లు ఎక్కువే, శాడిల్ (కింది చివర తీగ ఆనే ముక్క) ఏమో వెనక్కి చివరి దాకా పోయి స్ప్రింగ్ నలిగి ఆగింది. లావు తీగ బిరుసు కదా, శాడిల్ మీద సరిగ్గా వంగట్లేదేమో అని బొటనవేలితో అక్కడ నొక్కితే 9 కి దిగింది. మిగతా దానికి స్ప్రింగ్‌ను సగానికి కత్తిరిస్తా.

అన్నట్టు మా ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేక ఆంప్‌లో వచ్చే 50 హెర్ట్జ్ మూలుగు, నా జి తీగ 49, రెండూ కలిసి సెకనుకొకసారి ఊగుతున్నాయి. ట్యూనర్ మర్చిపోయినా ఢోకా లేదు.

ఫ్లాట్‌వౌండ్ (చదునైన చుట్టు ఉన్న నున్నటి తీగలు) వేసి చూడమని ఒకరన్నారు. ఐరన్ మెయిడెన్ బేసిస్ట్ స్టీవ్ హారిస్ వాటితోనే వాయిస్తాడు, నిజమే, కానీ ఆయన వేళ్లు నాకు లేవు. నాకు గరుకు మోతే కావాలి. ఈ సెట్ మెరుపు తగ్గాక, అంటే మన నల్లగొండ ఎండల్లో చేతి చెమటకు ఎన్నాళ్లో పట్టదు, స్టీల్ సెట్ వేస్తా. ఫ్రెట్లు త్వరగా అరుగుతాయంటారు. చూద్దాం, బేస్ ఎలాగూ సెకండ్ హ్యాండే.