పేగు అతుకుకు రక్తం అందుతోందా: నా ఆపరేషన్ అనుభవం

పురీషనాళంలో, అంటే మలద్వారానికి పైనుండే పెద్దపేగు చివరి భాగంలో (డాక్టర్లు రెక్టమ్ అంటారు), క్యాన్సర్ అని తేలాక మా ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: గడ్డ మొత్తం తీసేస్తారా? మా సర్జన్ మేడం మాత్రం తీయడం గురించి కొంచెమే చెప్పి, తీశాక మిగిలే రెండు కొసలను కలపడం గురించి చాలాసేపు చెప్పారు. ఆ అతుకు మానకపోతే మలం పొట్టలోకి కారుతుంది, ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. దాన్నే లీక్ అంటారు. అతుకు మానాలంటే ముందు అక్కడికి రక్తం అందాలి. ఇలాంటి ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లకు ఈ సంగతి ముందే తెలిసుంటే మంచిదని రాస్తున్నాను.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. నల్గొండలో కొలనోస్కోపీ (గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూడటం) చేసి ముక్క తీసి పంపితే రిపోర్టు వచ్చింది. మిగతాదంతా హైదరాబాద్‌లోనే: సీటీ, ఎంఆర్ఐ, కొన్ని వారాలు కరెంటు (రేడియేషన్) పెట్టడం, దాంతోపాటు మాత్రలు, ఆ తర్వాత గడ్డ తగ్గేదాకా ఆగడం. నార్కట్‌పల్లి మీదుగా ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు.

ఆపరేషన్‌కు ముందు మేడం కాగితం మీద బొమ్మ గీశారు. గడ్డతో పాటు చుట్టుపక్కల లింఫ్ గ్రంథులు కూడా రావాలంటే, ఎడమవైపు పేగుకు రక్తం తెచ్చే పెద్ద నాళాన్ని కట్టి కోసేయాలట. ఆ తర్వాత అతికే పేగుకు రక్తం వేరే దారిలో, పేగు అంచు వెంబడి సాగే సన్న నాళం గుండా రావాలి. "మీది సాగర్ ఎడమ కాలువ కిందే కదా? పెద్ద తూము మూసేసి పక్క కాలువతో చివరి మడిదాకా పారించడమే ఇది. కొందరికి పారుతుంది, కొందరికి నడుమనే ఆగుతుంది" అన్నారు. మా తమ్ముడు చివరి ఆయకట్టు రైతు. వాడు ఇంకేం అడగలేదు.

ఎక్కడిదాకా పారిందో తెలిసేదెలా? ఇన్నేళ్లూ సర్జన్లు కంటితోనే చూసేవారు. పేగు రంగు బాగుందా, కదులుతోందా, కోసిన అంచు నుంచి ఎర్రటి రక్తం వస్తోందా అని. ఇప్పటికీ అవన్నీ చూస్తారు. కానీ రక్తం తగ్గిన పేగు కూడా కాసేపు మామూలుగానే కనిపిస్తుంది, ఎంత అనుభవమున్న కంటికైనా. అందుకని నాకు ఇండోసయనిన్ గ్రీన్ అనే మందు వాడతామన్నారు. డాక్టర్లు ఐసీజీ అంటారు. నరంలోకి ఎక్కించగానే రక్తంలోని ప్రొటీన్‌ను పట్టుకుని రక్తం పోయిన చోటికల్లా పోతుంది. దాని మీద నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేస్తే వెలుగుతుంది. ఆ వెలుగు మన కంటికి కనపడదు, ప్రత్యేక కెమెరా పట్టుకుంటుంది. రక్తం అందిన పేగు స్క్రీన్ మీద ఆకుపచ్చగా వెలుగుతుంది, అందనిది చీకటిగా ఉండిపోతుంది. సుమారు ఒక నిమిషంలో తేలిపోతుంది.

నా భార్యకు ఆ మందు పేరు వినగానే టెన్షన్ పట్టుకుంది. "కిడ్నీలకు ఏమీ కాదా మేడం?" అని అడిగింది. అది కిడ్నీల ద్వారా పోదు, లివర్ తీసుకుని పైత్యరసంలోకి వదిలేస్తుంది, కొద్ది నిమిషాల్లోనే రక్తంలో తగ్గిపోతుంది అని చెప్పారు. 1950ల చివరి నుంచే గుండె, లివర్ పరీక్షల్లో వాడుతున్న మందట. అందులో కొంచెం అయోడిన్ ఉంటుంది కాబట్టి అలర్జీ గురించి, సీటీలో ఇచ్చిన కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనపడటానికి ఎక్కించే మందు) నాకు పడిందా లేదా అని గుచ్చి గుచ్చి అడిగారు. మీకు అలాంటి అలర్జీ ఉంటే వాళ్లు అడిగేదాకా ఆగకండి, మీరే చెప్పండి.

వార్డుకు వచ్చాక మేడం నాకు వీడియో చూపించారు. మామూలు కెమెరాలో పేగంతా ఒకే రంగులో ఉంది. కోయడానికి కంటితో చూసి ఒక చోట గుర్తు పెట్టారు. ఐసీజీ ఇచ్చాక పైనుంచి ఆకుపచ్చ వెలుగు దిగుతూ వచ్చి ఆ గుర్తుకు కాస్త పైనే ఆగిపోయింది. దాంతో వెలుగు ఉన్న చోటికి జరిగి కోశారు. పైన కోస్తే పేగు కిందిదాకా అందాలి కదా, ప్లీహం (స్ప్లీన్) దగ్గరి పెద్దపేగు వంపును కూడా విడదీసి కిందికి దించాల్సి వచ్చింది. ఆ చీకటి ముక్కను అలాగే అతికి ఉంటే నా అతుకు ఏమయ్యేదో చెప్పలేను. కానీ ఆ కెమెరా ఆ థియేటర్‌లో ఉన్నందుకు నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు.

ఇది ఉంటే లీక్ రాదని మాత్రం అనుకోవద్దు. ఎంబీబీఎస్ చదువుతున్న మా అన్న కూతురు వెతికి చెప్పింది. జపాన్‌లో రెక్టల్ క్యాన్సర్ వాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. ఐసీజీ వాడినవాళ్లలో లీక్ 7.6 శాతం, వాడనివాళ్లలో 11.8 శాతం. అమెరికాలో చేసినదాని ఫలితాలు 2021లో వచ్చాయి, అందులో 9.0, 9.6, అంటే తేడా లేనట్టే. రక్తం ఒక్కటే కారణం కాదు మరి. అతుకు ఎంత కిందికి ఉంటే ముప్పు అంత ఎక్కువ. పేగు బిగుతుగా లాగినట్టు ఉన్నా, ముందు కరెంటు పెట్టినా, పొగతాగే అలవాటున్నా ముప్పే. నాది బాగా కింది అతుకు, కరెంటు కూడా అయింది. అందుకే అంత బాగా వెలిగినా చిన్నపేగును పొట్ట మీదికి తీసి బ్యాగ్ పెట్టారు. అతుకు మానేదాకా మలం దాని మీదుగా పోకుండా ఉండాలని. జ్వరం, పొట్టనొప్పి, డ్రెయిన్‌లో (పొట్టలోంచి బయటికి పెట్టిన గొట్టం) వచ్చే నీటి రంగు మారడం, రక్తంలో సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరిగే ప్రొటీన్) పెరగడం, వీటన్నిటి మీదా మొదటి వారమంతా కన్నేసి ఉంచారు.

బ్యాగ్‌తో అసలు కష్టం మా నల్గొండ ఎండలు. చిన్నపేగు బ్యాగ్‌లోంచి నీళ్లూ ఉప్పూ బాగా పోతాయి. వట్టి నీళ్లు తాగితే చాలదని చెప్పారు. ఓఆర్ఎస్, ఉప్పు వేసిన గంజి తాగుతూ, మూత్రం తగ్గితే వెంటనే ఫోన్ చేసేవాళ్లం.

కొన్ని నెలలకు స్కోప్‌తో, కాంట్రాస్ట్ ఎక్స్‌రేతో అతుకు మానిందని చూసుకున్నాకే బ్యాగ్ తీసి పేగును లోపల కలిపారు. ఇప్పుడు మళ్లీ మిల్లుకు వెళ్తున్నాను. పొద్దున కొన్నిసార్లు వెంటవెంటనే బాత్రూంకు పరుగెత్తాల్సి వస్తోంది, పురీషనాళం తీసిన చాలామందికి ఇది ఉంటుందట, మెల్లగా తగ్గుతోంది. క్యాన్సర్ మళ్లీ వస్తోందేమో చూసే సీఈఏ రక్తపరీక్ష కోసం మాత్రం హైదరాబాద్ పోయి వస్తూనే ఉన్నాను.