పొగాకు లేని క్యాంపస్: అక్కడ జరిగింది, అనంతపురంలో జరగాల్సింది

నేను కాలిఫోర్నియాలో ఒక కాలేజీలో మెయింటెనెన్స్ పని చేస్తాను. ఆ రాష్ట్రంలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లన్నీ 2014 జనవరికల్లా పొగాకు లేనివిగా మారాయి. ఆ నిర్ణయం 2012లోనే ప్రకటించి, సిద్ధం కావడానికి రెండేళ్లు గడువిచ్చారు. తర్వాత మా కాలేజీ కూడా అదే దారి పట్టింది. సిబ్బంది తరఫున కమిటీలో నన్నూ కూర్చోబెట్టారు.

మొదటి మీటింగుల్లో డాక్టర్లు, ప్రొఫెసర్లే మాట్లాడారు. పొగ తాగేవాళ్లు ఒక్కరూ లేరు. నాతో నైట్ షిఫ్ట్ చేసే క్లీనింగ్ వాళ్లకు ఈ కబురు తెలియగానే టెన్షన్ పట్టుకుంది. అర్ధరాత్రి బ్రేక్‌లో గేటు దాటి చీకటి రోడ్డు మీద నిలబడాలా అని ఒకామె నన్ను నిలదీసింది. ఆమె అడిగింది న్యాయం. ఆ మాట కమిటీలో చెప్పాను. ఆ తర్వాతే బయట రోడ్డుకు లైట్లు వచ్చాయి, మానాలనుకునేవాళ్లకు నికోటిన్ చూయింగ్ గమ్, ప్యాచ్‌లు ఉచితంగా ఇచ్చారు. జరిమానా పెట్టలేదు. ఎవరైనా వెలిగిస్తే మర్యాదగా చెప్పడమే. అప్పటిదాకా ఎదురు తిరిగినవాళ్లే తోటివాళ్లకు సర్దిచెప్పడం మొదలుపెట్టారు.

అక్కడ చదువుకునే మన తెలుగు పిల్లల సంగతి వేరే. ఇంటి నుంచి సూట్‌కేసులో ఖైనీ తెచ్చుకునేవాళ్లు కొందరుండేవారు. ఇంగ్లీషులో డాక్టరుకు చెప్పుకోలేక దాచేవారు. "అన్నా, మా నాయనకు తెలీకూడదు" అని నా దగ్గర బయటపడినవాళ్లను వెంటబెట్టుకుని హెల్త్ సెంటర్‌కు తీసుకుపోయాను. అక్కడి నియమంలో నమిలే పొగాకు, ఈ-సిగరెట్ కూడా ఉన్నాయి కాబట్టే ఆ పిల్లలకు సాయం దొరికింది.

ఈసారి సెలవుల్లో అనంతపురం వస్తే మా బావతో ఇదే చర్చ. ఆయనకు ఒక కాలేజీ గేటు దగ్గర టీ, సిగరెట్లు అమ్మే బంకు ఉంది. మన దగ్గర చట్టం కొత్తదేం కాదు. 2003 నాటి చట్టం ప్రకారం విద్యాసంస్థకు వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదు. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగడం నిషేధం. ప్రహరీ నుంచి వంద గజాల దగ్గర రోడ్డు మీద పసుపు గీత గీయాలని 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మా బావ బంకు ఉన్న రోడ్డు మీద ఆ గీత నాకు కనబడలేదు.

"సిగరెట్ తీసేస్తే టీ తాగేదానికి ఎవరొస్తారు రా?" అన్నాడు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. ఇక్కడి యూనివర్సిటీలు ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ) అయినా, జేఎన్‌టీయూ అయినా ఈ పని తలపెడితే వీసీ గదిలో సర్క్యులర్ రాయకముందు హాస్టల్ అటెండర్లను, బస్సు డ్రైవర్లను, బంకులవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాలి. మానేందుకు సాయం చేసే 1800-11-2356 నంబర్ ప్యాకెట్ల మీదే ఉంటుంది. దాన్ని హాస్టల్ మెస్ గోడ మీద పెద్దక్షరాలతో రాయించాలి. పొగ గురించి మాత్రమే మాట్లాడితే, మెట్ల మూలల్లో గుట్కా ఉమ్ములు అట్లే ఉంటాయి.

చివరికి బావ ఒక షరతు పెట్టాడు. వరుసలోని బంకులన్నీ ఒకేరోజు ఆపితే తానూ ఆపుతాడంట. చట్టం ఎప్పుడో ఆపమన్నదానికి షరతేంటని వాదించలేదు. మిగతా బంకులవాళ్లను పిలిచి మాట్లాడదాం, నువ్వూ పక్కన కూర్చో బావా అన్నాను. సరేనన్నాడు.